ఇంజన్ ‘ఢాం’ అనగానే కార్బురేటర్ విప్పకండి: బ్యాక్‌ఫైర్ కారణాన్ని పట్టుకునే పద్ధతి

పత్తికి మందు కొట్టే రోజుల్లో నల్లగొండ చుట్టుపక్కల ఏ చెలకలోకి వెళ్లినా పవర్ స్ప్రేయర్ల మోత వినిపిస్తుంది. సాగర్ ఎడమ కాలువ కింద పెట్రోల్ పంపులు, బత్తాయి తోటల్లో గడ్డి కోసే బ్రష్ కట్టర్లు, పాలమూరు వైపు పవర్ వీడర్లు, వీటన్నిటికీ తోడు ఇంటి ముందు ఒక మోటార్ సైకిల్ ఉండనే ఉంటుంది. ఇవన్నీ స్పార్క్ ప్లగ్‌తో నడిచే పెట్రోల్ ఇంజన్లే కాబట్టి, పేలుడు చప్పుడు మొదలైనప్పుడు వెతకవలసిన కారణాలు కూడా చాలావరకు ఒకటే. డీజిల్ ఇంజన్‌లో ప్లగ్ ఉండదు, దాని చప్పుళ్ల లెక్క వేరు. కాబట్టి డీజిల్ పంపుల సంగతి ఇక్కడ చెప్పడం లేదు.

మన దగ్గర ఇంజన్ పేలిందంటే చేతులు నేరుగా, పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు అందించే కార్బురేటర్ మీదికే పోతాయి. విప్పడం, పెట్రోల్‌తో కడగడం, మళ్లీ బిగించడం, అయినా చప్పుడు పోకపోతే మళ్లీ విప్పడం. నేనూ అలాగే చేసి మూడు రోజులు పోగొట్టుకున్నాను. ఆ సంగతి తర్వాత చెబుతాను. పానా పట్టుకునే ముందు తేల్చుకోవలసినవి రెండు: చప్పుడు ఎటువైపు నుంచి వస్తోంది, ఏ పని చేస్తున్నప్పుడు వస్తోంది.

చప్పుడు ఎటు నుంచి?

ఇంజన్ లోపల పెట్రోల్, గాలి కలిసిన మిశ్రమం సిలిండర్‌లో, రెండు వాల్వులూ మూసుకుని ఉన్నప్పుడు మాత్రమే మండాలి. మిశ్రమాన్ని లోపలికి వదిలే ఇన్‌లెట్ వాల్వ్ ఇంకా తెరిచి ఉండగానే మంట పుడితే అది వెనక్కి తన్ని కార్బురేటర్ నుంచి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి బయటకు వస్తుంది. అసలైన బ్యాక్‌ఫైర్ అంటే ఇదే. సిలిండర్‌లో మండకుండా మిగిలిపోయిన పెట్రోల్ ఆవిరి, పొగను బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వ్ దాటి, వేడెక్కి ఉన్న సైలెన్సర్‌లో గాలి తగిలి మండితే వెనుక నుంచి ‘ఢాం’ అంటుంది. జనం రెంటినీ బ్యాక్‌ఫైర్ అనే అంటారు, అందులో తప్పేమీ లేదు. కానీ రిపేరు దగ్గరికి వచ్చేసరికి ఈ రెండూ రెండు దారులు.

ఏ సమయంలో వస్తోందన్నది కూడా గమనించి, వీలైతే ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. తాడు లాగినప్పుడు లేదా కిక్ కొట్టినప్పుడు కార్బురేటర్ పేలి, తాడు చేతిని లోపలికి గుంజినా, కిక్ రాడ్ కాలిని ఎదురు తన్నినా టైమింగ్ మీద, అంటే నిప్పురవ్వ పడే సమయం మీద అనుమానపడాలి. ఎక్సలేటర్ ఒక్కసారిగా తిప్పితే కార్బురేటర్ తుమ్మినట్టు ‘ఫట్’ మని ఆగిపోతుంటే పెట్రోల్ చాలడం లేదని, అంటే మిశ్రమం పలచబడిందని అర్థం. నార్కట్‌పల్లి హైవే మీద వేగంగా పోతూ ఎక్సలేటర్ వదిలేసినప్పుడు సైలెన్సర్ వరుసగా ‘పట్ పట్’ మంటుంటే సైలెన్సర్ జాయింట్ దగ్గర బయటి గాలి లోపలికి పోతూ ఉండవచ్చు, లేదా ఐడ్లింగ్ (ఎక్సలేటర్ ఇవ్వకుండా ఇంజన్ నెమ్మదిగా నడిచేటప్పటి) మిశ్రమం పలచగా ఉండవచ్చు. బరువు పడినప్పుడు ఇంజన్ మిస్ కొడుతూ, నల్ల పొగతో మధ్యమధ్య గట్టిగా పేలితే పెట్రోల్ ఎక్కువైంది, లేదా ప్లగ్‌కు కరెంట్ తెగితెగి వస్తోంది. ఇంజన్ ఆపిన తర్వాత ఒక్కసారి ‘ఢాం’ అంటే చాలాసార్లు అందులో రోగమేమీ ఉండదు. ఎక్కువ రేస్‌లో ఉండగానే స్విచ్ ఆపేసి ఉంటారు. పంపును ఆపే ముందు ఎక్సలేటర్ పూర్తిగా తగ్గించి, అర నిమిషం, నిమిషం ఐడ్లింగ్‌లో నడవనిచ్చి ఆపితే ఆ చప్పుడు అక్కడితో పోతుంది.

పని మొదలుపెట్టే ముందు

ఇంజన్‌ను పశువుల కొట్టం నుంచి, గడ్డివాము దగ్గర నుంచి దూరంగా, ఆరుబయటికి తీసుకురండి. పెట్రోల్ డబ్బాను కనీసం పది అడుగుల దూరంలో మూత బిగించి పెట్టండి. కార్బురేటర్ పేలుతున్న ఇంజన్‌ను ఎయిర్ ఫిల్టర్ తీసేసి స్టార్ట్ చేయడం మన మెకానిక్ షెడ్లలో రోజూ కనిపించే అలవాటే అయినా అది చాలా ప్రమాదం, ఎందుకంటే వెనక్కి తన్నే మంటను బయటికి రాకుండా అడ్డుకునేది ఆ ఫిల్టర్ డబ్బానే. అది లేనప్పుడు ముఖం వంచి కార్బురేటర్‌లోకి తొంగి చూస్తే కనుబొమ్మలు కాలతాయి. ఒక తడి గోనెసంచి, ఒక తట్టలో పొడి ఇసుక పక్కన ఉంచుకోండి. మంట అంటుకుంటే పెట్రోల్ ట్యాప్ కట్టేసి గోనెసంచి కప్పాలి, నీళ్లు మాత్రం పోయకూడదు.

ఖర్చు లేని పరీక్షలు

మొదట పెట్రోల్ చూడండి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం వరకు ఇథనాల్ కలిసి ఉంటుంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు ఒక హద్దు దాటితే అది, ఇథనాల్ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి ట్యాంక్ అడుగుకు చేరతాయి. యాసంగిలో వాడి మూలన పెట్టిన పంపును వానాకాలంలో తీసి, అదే పాత పెట్రోల్‌తో తాడు లాగితే కార్బురేటర్‌లోకి ముందు పోయేది ఆ అడుగుదే. కార్బురేటర్ గిన్నె కింద ఉండే చిన్న స్క్రూ వదులు చేసి, వచ్చిన పెట్రోల్‌ను ఒక గాజు సీసాలో పట్టి వెలుతురుకు ఎత్తి చూడండి. అడుగున వేరే పొర కనిపించినా, మడ్డి కనిపించినా ట్యాంక్ మొత్తం ఖాళీ చేసి కొత్త పెట్రోల్ పోయండి. రెండు నెలలు దాటిన పెట్రోల్‌ను నేను ఇంజన్‌లో పోయను.

స్ప్రేయర్, బ్రష్ కట్టర్ లాంటి, పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపి పోసే టూ స్ట్రోక్ ఇంజన్లకు ఆయిల్ కొలత కూడా చూసుకోవాలి. మాన్యువల్ 1:25 అని చెబితే లీటరు పెట్రోల్‌కు 40 మిల్లీలీటర్లు, 1:50 అయితే 20 మిల్లీలీటర్లు. సీసా మూతతో ఉజ్జాయింపుగా పోసేవాళ్లు ఎక్కువ పోస్తారు, ప్లగ్ ఆయిల్‌తో తడిసి మిస్ కొడుతుంది, ఆ మండని పెట్రోల్ సైలెన్సర్‌లో పేలుతుంది.

తర్వాత ట్యాంక్ మూత. మూతలో గాలి పోవడానికి సన్నని రంధ్రం ఉంటుంది. చెలక దుమ్ము, పత్తి నూగు పట్టి అది మూసుకుపోతే ఇంజన్ పది పదిహేను నిమిషాలు చక్కగా నడిచి, ఆ పైన పెట్రోల్ అందక కార్బురేటర్‌లో తుమ్మడం మొదలుపెడుతుంది; కాసేపు ఆపితే మళ్లీ మామూలుగా నడుస్తుంది. తుమ్మడం మొదలవగానే మూతను అర చుట్టు వదులు చేయండి. చప్పుడు ఆగిందంటే ఇక దేన్నీ విప్పనక్కరలేదు, ఆ రంధ్రం శుభ్రం చేస్తే చాలు.

చోక్ పరీక్ష ఇంకా తేలిక. పేలుతున్న ఇంజన్ మీద చోక్‌ను, అంటే గాలి తగ్గించి మిశ్రమాన్ని చిక్కన చేసే మీటను, కొద్దిగా వేయండి. చప్పుడు తగ్గితే మిశ్రమం పలచగా ఉన్నట్టు, అంటే పెట్రోల్ తక్కువ వస్తోంది లేదా ఎక్కడో దొంగగాలి దూరుతోంది. చప్పుడు పెరిగి నల్ల పొగ వస్తే మిశ్రమం చిక్కగా ఉన్నట్టు. అప్పుడు ఎయిర్ ఫిల్టర్ ఊపిరాడకుండా ఉండవచ్చు, చోక్ పూర్తిగా తెరుచుకోకపోవచ్చు, కార్బురేటర్ గిన్నె నిండగానే పెట్రోల్‌ను ఆపవలసిన ఫ్లోట్ పిన్ ఆపలేకపోతూ ఉండవచ్చు. మన ఎర్ర దుమ్ములో మాన్యువల్ చెప్పే గడువుల కంటే ముందే ఫిల్టర్ నిండుతుంది. ఫోమ్ ఫిల్టర్‌ను సబ్బు నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, రెండు చుక్కల ఇంజన్ ఆయిల్ పట్టించి పిండి పెట్టండి. కాగితపు ఫిల్టర్‌ను కడగకూడదు, దులిపినా లాభం లేకపోతే మార్చడమే.

ప్లగ్ చెప్పే మాట

ఇంజన్‌ను పని మీద పది నిమిషాలు నడిపి, ఆపి, చల్లారిన తర్వాత ప్లగ్ విప్పండి. కొన బిస్కెట్ రంగులో ఉంటే మిశ్రమం సరిగ్గా ఉంది. సున్నంలా తెల్లగా పొడిబారి ఉంటే పలచన. పొయ్యి మీది మసిలా నల్లగా, పొడిగా ఉంటే చిక్కన. నల్లగా, తడిగా, జిడ్డుగా ఉంటే ఆయిల్ లేదా మండని పెట్రోల్. ప్లగ్ గ్యాప్, అంటే కొన దగ్గర రవ్వ దూకే ఖాళీ, చిన్న ఇంజన్లలో చాలావాటికి 0.6 నుంచి 0.9 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. పంపులకు వచ్చే హోండా జీఎక్స్160 లాంటి ఇంజన్‌కు 0.7 నుంచి 0.8. మీ ఇంజన్ మాన్యువల్‌లో ఉన్న అంకెను ఫీలర్ గేజ్‌తో (ఖాళీని కొలిచే పలచని రేకుల కట్ట) చూసి పెట్టుకోండి.

కరెంట్ పరీక్షకు ప్లగ్‌ను క్యాప్‌లో పెట్టి, దాని మరలు ఇంజన్ ఇనుముకు గట్టిగా తగిలేలా ఆనించి తాడు లాగాలి. ప్లగ్‌ను చేత్తో పట్టుకోకండి. ప్లగ్ తీసిన రంధ్రం నుంచి పెట్రోల్ ఆవిరి చిమ్ముతుంది కాబట్టి నిప్పురవ్వను ఆ రంధ్రానికి దూరంగా ఉంచాలి. రవ్వ నీలంగా, ‘టక్ టక్’ మని వినిపించేలా రావాలి. పసుపుగా, సన్నగా, మధ్యమధ్య ఆగి వస్తే కొత్త ప్లగ్ వేసి మళ్లీ చూడండి. అప్పటికీ అంతే అయితే చీకటి పడ్డాక, ప్లగ్ యథాస్థానంలో బిగించి ఇంజన్ నడిపి, ప్లగ్ వైరు పొడవునా చూడండి. నా పాత మోటార్ సైకిల్‌కు ఒకసారి ఇలాగే చూస్తే, క్యాప్ కింద వెంట్రుకంత పగులు దగ్గర నీలిగీత ఒకటి ఇంజన్ రెక్కల మీదికి దూకుతూ కనిపించింది. పగటి పూట అదే క్యాప్‌ను నాలుగుసార్లు తుడిచి చూశాను, ఏమీ కనబడలేదు. గ్యాస్‌తో నడిచే ఆటోల్లో ఈ లోపాన్ని అసలు వదిలేయకూడదు. అక్కడ ఇన్‌లెట్ అంతా గ్యాస్ నిండి ఉంటుంది కాబట్టి ఒక్క పేలుడుకే ఎయిర్ ఫిల్టర్ డబ్బా పగిలిపోగలదు. నాలుగు సిలిండర్ల పాత కార్లలో సర్వీసింగ్ అయిన వెంటనే పేలుడు మొదలైతే, ప్లగ్ వైర్లు ఒకదాని స్థానంలో ఒకటి పెట్టారేమో ముందు చూసుకోండి.

దొంగగాలి

కార్బురేటర్‌కు, సిలిండర్‌కు మధ్య ఉన్న రబ్బరు జాయింట్ ఎండకు, ఇంజన్ వేడికి చిట్లుతుంది. దాని వెంట, ప్యాకింగ్ అంచుల వెంట సబ్బు నీళ్లను సన్నగా చిమ్మండి; ఐడ్లింగ్‌లో ఉన్న ఇంజన్ శబ్దం ఎక్కడ చిమ్మినప్పుడు మారితే గాలి అక్కడే దూరుతోంది. కొందరు దీనికి పెట్రోల్ చిమ్ముతారు, ఆ పని మీరు చేయకండి.

సైలెన్సర్ బెండ్ పైపు సిలిండర్‌ను కలిసే చోట నల్లటి మసి గీత ఉంటే అక్కడి రింగు ప్యాకింగ్ పోయినట్టే. చల్లగా ఉన్న ఇంజన్‌ను స్టార్ట్ చేసి వెంటనే ఆ జాయింట్ మీద సబ్బు నీళ్లు వేస్తే బుడగలు కూడా వస్తాయి. ఎక్సలేటర్ వదిలినప్పుడు వచ్చే ‘పట్ పట్’ చాలా బండ్లలో ఈ చిన్న రింగు మార్చడంతోనే ఆగిపోయింది. అది బాగానే ఉంటే, పొగ కాలుష్యం తగ్గించడానికి సైలెన్సర్ పోర్టులోకి అదనపు గాలి పంపే చిన్న వాల్వ్ చాలా మోటార్ సైకిళ్లలో ఉంటుంది, దాన్ని చూడండి. ఎక్సలేటర్ వదిలినప్పుడు ఆ గాలిని ఆపవలసిన సన్నని రబ్బరు పైపు చిట్లినా, ఊడినా గాలి ఆగకుండా పోయి సైలెన్సర్‌లో మంట పుడుతుంది. పైపు మార్చండి, వాల్వ్‌ను శాశ్వతంగా మూసేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

ఫ్లైవీల్ కీ: నా మూడు రోజులు

మా చెలకలో నీళ్లు ఎత్తే 5.5 హార్స్ పవర్ పెట్రోల్ పంపు ఒకటుంది. కాయిల్ మార్చడానికి ఒక రిపేరు షాపులో ఇచ్చి తెచ్చాక రెండు వారాలు నడిచి, ఒక ఉదయం తాడు లాగగానే కార్బురేటర్ నుంచి ‘ఢాం’ మని, తాడు నా చేతిలోంచి లోపలికి దూసుకుపోయింది. మణికట్టు రెండు రోజులు నొప్పి పెట్టింది. నేను కార్బురేటర్‌ను మూడుసార్లు కడిగాను, ప్లగ్ మార్చాను, పెట్రోల్ మార్చాను. తాడు వెనక్కి గుంజిన సంగతి ఒక్కటి పట్టించుకుని ఉంటే మొదటి రోజే తేలిపోయేది.

తాడు వెనక్కి గుంజిందంటే పిస్టన్ పైకి రావడానికి మరీ ముందే నిప్పురవ్వ పడుతోంది. ఫ్లైవీల్‌లో ఉన్న అయస్కాంతం కాయిల్ ముందు నుంచి పోయినప్పుడు రవ్వ పుడుతుంది. ఆ ఫ్లైవీల్ క్రాంక్ షాఫ్ట్ మీద సరైన చోట నిలబడేలా చూసేది వేలి గోరంత ఉండే ఒక లోహపు కీ. నట్ సరిగ్గా బిగించకపోయినా, వీడర్ పళ్లు రాయికి తగిలి ఇంజన్ ఒక్కసారిగా ఆగిపోయినా ఫ్లైవీల్ ముందుకు జరిగి ఆ కీ తెగుతుంది లేదా వంగుతుంది. సుమారు 20 మిల్లీమీటర్ల షాఫ్ట్ మీద ఒక మిల్లీమీటరు జరుగుడు అంటే టైమింగ్ దాదాపు 6 డిగ్రీలు మారినట్టు. నేను ఫ్లైవీల్ తీసి చూసేసరికి కీ రెండు ముక్కలు కాలేదు. మధ్యలో ఒక మెట్టులా నలిగి ఉంది, అంతే. అరచేతిలో పెట్టుకుని గోటితో తడిమితే తప్ప ఆ మెట్టు తెలియలేదు. పాత నట్ చేత్తో తిరిగేంత వదులుగా ఉంది.

ఈ పని మీరే చేయాలనుకుంటే ముందుగా ప్లగ్ క్యాప్ ఊడదీయండి. తాడు ఉన్న ముందు కవర్ విప్పి, ఫ్లైవీల్ నట్ తీసి, పుల్లర్‌తో (ఫ్లైవీల్‌ను పట్టి బయటికి లాగే పనిముట్టు) ఫ్లైవీల్ లాగండి. సుత్తితో అంచు మీద కొడితే రెక్కలు విరుగుతాయి. షాఫ్ట్ వాలును, ఫ్లైవీల్ లోపలి రంధ్రాన్ని గుడ్డతో పొడిగా తుడవండి, నూనె గాని గ్రీజు గాని రాయకండి, రాస్తే పట్టు ఉండదు. అదే ఇంజన్‌కు చెందిన కొత్త కీ వేయండి. ఇనుప మేకు కోసి కీగా వాడేవాళ్లు ఉన్నారు. మెత్తని కీ తెగిపోవడం వల్లనే షాఫ్ట్ బతుకుతుంది, మేకు పెడితే ఈసారి పోయేది షాఫ్టే. నట్‌ను మాన్యువల్ చెప్పిన బిగువుకు టార్క్ పానాతో బిగించి, కాయిల్‌కు, ఫ్లైవీల్‌కు మధ్య ఖాళీ చూడండి. జీఎక్స్160లో అది 0.2 నుంచి 0.6 మిల్లీమీటర్లు.

వాల్వులు, ఆపైన కార్బురేటర్

కీ బాగుండి కూడా కార్బురేటర్ పేలుతుంటే ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో ట్యాపెట్లు, అంటే వాల్వ్ కాడ దగ్గర వదలవలసిన సన్నని ఖాళీ, చూడాలి. ట్యాపెట్ బిగువైతే వాల్వ్ పూర్తిగా మూసుకోదు. ఇన్‌లెట్‌ది బిగువైతే కార్బురేటర్‌లో, ఎగ్జాస్ట్‌ది బిగువైతే సైలెన్సర్‌లో చప్పుడు. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, ప్లగ్ తీసి, రంధ్రం మీద బొటనవేలు పెట్టి, గాలి వేలిని నెట్టే వరకు మెల్లగా తిప్పి, పిస్టన్ పైకొసకు వచ్చాక కొలవండి. జీఎక్స్160 పాత మోడళ్లలో ఇన్‌లెట్ 0.15, ఎగ్జాస్ట్ 0.20 మిల్లీమీటర్లు, కొత్త మోడళ్లకు, మోటార్ సైకిళ్లకు ఇంతకంటే తక్కువ ఉండవచ్చు, మాన్యువల్ చూడండి. ఖాళీ సరిగ్గా ఉండి కంప్రెషన్ మాత్రం లేకపోతే వాల్వ్ సీటింగ్ కాలిపోయి ఉంటుంది. దానితో పాటు టైమింగ్ చైన్ పన్ను దాటడం, టూ స్ట్రోక్‌లో రీడ్ వాల్వ్ విరగడం, క్రాంక్ సీళ్లు కారడం వంటివి షాపులో తేలవలసిన పనులు.

ఇప్పుడు విప్పండి కార్బురేటర్. మిశ్రమం స్క్రూను తీసే ముందు మెల్లగా లోపలికి బిగిస్తూ ఎన్ని చుట్లు పడుతోందో లెక్కపెట్టి రాసుకోండి, తిరిగి అక్కడికే తేవాలి. జెట్ రంధ్రాలలో సూది, ఇనుప తీగ దూర్చకండి, రంధ్రం పెద్దదైతే ఆ జెట్ ఇక పనికిరాదు. కార్బురేటర్ క్లీనర్ పోసి, టైర్ల షాపులో గాలి కొట్టించండి. స్క్రూ తిప్పేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి: అది ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే సాధారణంగా గాలి స్క్రూ, బయటికి తిప్పితే మిశ్రమం పలచబడుతుంది, ఇంజన్ వైపు ఉంటే పెట్రోల్ స్క్రూ, బయటికి తిప్పితే చిక్కబడుతుంది. ఈ తేడా తెలియక పావు చుట్టు అటూ ఇటూ తిప్పుతూ రోజంతా గడిపినవాళ్లను చూశాను. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి ఒట్టి పెట్రోల్‌కు సరిపెట్టిన పాత కార్బురేటర్ ఇప్పటి పెట్రోల్‌తో కొంచెం పలచగా నడుస్తుంది. పావు చుట్టు చిక్కన చేస్తే ఎక్సలేటర్ వదిలినప్పటి చప్పుడు తగ్గవచ్చు.

2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) మోటార్ సైకిళ్లలో చాలావాటికి కార్బురేటర్ బదులు ఇంజెక్టర్ ఉంటుంది. వాటిలో మీరు చూడగలిగేవి పెట్రోల్, ఫిల్టర్, ప్లగ్, సైలెన్సర్ జాయింట్. ఇంజన్ లైటు వెలిగి ఉంటే, లోపాన్ని చదివే స్కానర్ ఉన్న చోటికి తీసుకెళ్లండి. సైలెన్సర్ మార్చాక పేలడం మొదలైతే పాతది తిరిగి బిగించి చూడండి. పిల్లలు సరదాకి నడుస్తున్న బండి తాళం ఆపి, మళ్లీ వేసి చేయించే ‘ఢాం’ వల్ల సైలెన్సర్ లోపల పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ముక్కలవుతుంది. ఆ ముక్కలు దారికి అడ్డం పడ్డాక పికప్ పోతుంది, అప్పుడు బండిని తండ్రి తెచ్చి కార్బురేటర్ చూడమంటాడు.

ఒకసారికి ఒక్క మార్పే చేయండి, ప్రతి మార్పు తర్వాత ఇంజన్ నడిపి చూడండి. మూడు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. చప్పుడు ఆగిందనుకున్న తర్వాత పంపును నీళ్ల మీద, బండిని ఇద్దరు ఎక్కి ఎత్తు మీద ఇరవై నిమిషాలు నడపండి. ఆపి, చల్లారాక ప్లగ్ విప్పి చూడండి. కొన బిస్కెట్ రంగులోకి వచ్చి ఉంటే ప్లగ్‌ను చేత్తో చివరిదాకా తిప్పి, పానాతో కొద్దిగా బిగించి, ఫిల్టర్ డబ్బా మూత పెట్టేయండి.